మూసిన టీవీ యూనిట్‌లో ఫ్యాన్ పెట్టాలా? ముందు గాలికి దారి చూడండి

ఈ ఎపిసోడ్‌లో మనం మాట్లాడుకోబోయేది మీ హాల్లో టీవీ కింద ఉండే చెక్క యూనిట్ గురించి. ఇంటీరియర్ చేయించుకున్న చాలా ఇళ్ళలో ఇప్పుడు ఒకటే డిజైన్. పైన గోడకి టీవీ, కింద షట్టర్లు ఉన్న క్యాబినెట్. సెట్‌టాప్ బాక్స్, ఫైబర్ రౌటర్, స్ట్రీమింగ్ బాక్స్, కొందరిళ్ళలో ప్లేస్టేషన్, అన్నీ లోపలే. వైర్లు కనపడవు, దుమ్ము పడదు, చూడ్డానికి నీట్‌గా ఉంటుంది. బాగుంది. కానీ ఆ షట్టర్ వెనక వేడి ఎంత ఉందో ఎవరూ చూడరు. నెట్ పోతే కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసి తిడతాం. గేమ్ మధ్యలో ఆగిపోతే గేమ్‌ని తిడతాం. షట్టర్ తీసి చెయ్యి పెట్టి మాత్రం చూడం.

"లోపల చిన్న ఫ్యాన్ పెట్టేస్తే సరిపోతుందా?" అని చాలామంది అడుగుతారు. దీనికి సమాధానం ముందే చెప్పేస్తాను. ఫ్యాన్ చల్లదనం ఇవ్వదు. లోపలి వేడి గాలిని బయటికి తోసి, ఆ చోటులోకి గది గాలి వచ్చేలా చేస్తుంది. దాని పని అంతే. గాలి రావడానికి ఒక దారి, పోవడానికి ఒక దారి లేకపోతే, ఎంత ఖరీదైన ఫ్యాన్ పెట్టినా అది లోపలున్న వేడి గాలినే గిరగిరా తిప్పుతుంది. పైగా దాని మోటార్ వేడి కూడా కాస్త కలుస్తుంది. అందుకే ముందు దారి, తర్వాత ఫ్యాన్. ఈ ఎపిసోడ్ మొత్తం ఈ ఒక్క మాట చుట్టూనే తిరుగుతుంది.

ముందు మీ ఫోన్ సంగతే తీసుకుందాం. ఛార్జింగ్ పెట్టి, పరుపు మీద పడేసి, అరగంట గేమ్ ఆడితే ఏమవుతుంది? ఫోన్ కాలిపోతుంది, బ్రైట్‌నెస్ దానంతట అదే తగ్గుతుంది, గేమ్ తడబడుతుంది. ఫోన్ పాడైపోలేదు, తనని తాను కాపాడుకోవడానికి ప్రాసెసర్ వేగం తగ్గించుకుంది. స్ట్రీమింగ్ బాక్సుల్లో, రౌటర్లలో ఉండేవి కూడా అలాంటి చిప్పులే. తేడా ఏంటంటే, ఫోన్ వేడెక్కితే మీ చేతికి తెలుస్తుంది. రౌటర్ వేడెక్కితే ఎవరికీ తెలీదు. అది లోపలే మగ్గుతుంది, హ్యాంగ్ అవుతుంది, రీస్టార్ట్ అవుతుంది. మనం "సిగ్నల్ బాలేదు" అనుకుంటాం.

అసలు లోపల అంత వేడి ఎక్కడినుంచి వస్తుంది? ఒక చిన్న సూత్రం గుర్తుపెట్టుకోండి. ఆ డబ్బాలు తీసుకునే కరెంటులో దాదాపు ప్రతి వాటూ చివరికి వేడిగానే బయటపడుతుంది. సెట్‌టాప్ బాక్స్ సుమారు 10 వాట్లు, రౌటర్ ఇంకో 10 వాట్లు అనుకోండి. అడాప్టర్లు కూడా కలుపుకుంటే ఒక చిన్న అరలో 30 వాట్ల దాకా చేరుతుంది. చిన్నగానే అనిపిస్తుంది. కానీ ప్లైవుడ్ వేడిని అంత తేలిగ్గా బయటికి వదలదు. వంటింట్లో గరిటెకి చెక్క పిడి ఎందుకు పెడతారో ఆలోచించండి, అదే కారణం. మూడు వైపులా చెక్క, ముందు గ్లాస్ షట్టర్, వెనక గోడ. 24 గంటలూ ఆన్‌లో ఉండే 30 వాట్లు అక్కడ మెల్లగా పోగవుతూనే ఉంటాయి.

గేమింగ్ కన్సోల్ లెక్క ఇంకో రకం. ప్లేస్టేషన్ 5 బరువైన గేమ్ ఆడుతున్నప్పుడు దాదాపు 200 వాట్లు తీసుకుంటుంది. అంటే పాతకాలం 100 వాట్ల బల్బులు రెండు మీ అల్మరాలో వెలుగుతున్నట్టే. "దానికి లోపల ఫ్యాన్ ఉందిగా" అంటారు. ఉంది. అది ముందు నుంచి గాలి పీల్చి వెనక నుంచి వదులుతుంది. మూసిన అరలో వెనక నుంచి వదిలిన వేడి గాలి పోవడానికి చోటు లేక మళ్ళీ ముందుకే వస్తుంది. దాన్నే మళ్ళీ పీలుస్తుంది. ఫ్యాన్ ఇంకా వేగంగా తిరుగుతుంది, శబ్దం పెరుగుతుంది, వేడి మాత్రం తగ్గదు. సోనీ కంపెనీ చెప్పిన ప్రకారం ప్లేస్టేషన్ 5 పనిచేయాల్సిన పరిసరాల ఉష్ణోగ్రత 5 నుంచి 35 డిగ్రీలు. మన బెజవాడలోనో రామగుండంలోనో మే నెలలో ఏసీ లేని హాలే 35 దాటేస్తుంది. ఇక మూసిన అర సంగతి మీరే ఊహించుకోండి.

సరే, వేడెక్కితే ఏం పోతుంది? అన్నిటికన్నా ముందు దెబ్బతినే వాటిలో ఒకటి కెపాసిటర్. అడాప్టర్ విప్పితే లోపల చిన్న డబ్బాల్లా నిలబడి ఉంటాయి చూడండి, అవే ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్లు. వాటిలో ద్రవం ఉంటుంది, వేడికి అది మెల్లగా ఎండిపోతుంది. ఇంజనీర్లు వాడే ఒక బండ లెక్క ఉంది: ప్రతి 10 డిగ్రీల వేడి పెరిగితే కెపాసిటర్ ఆయుష్షు సగం అవుతుంది. ఒక మామూలు కెపాసిటర్‌ని 105 డిగ్రీల దగ్గర 2000 గంటలు అని రేట్ చేశారనుకోండి. అది 65 డిగ్రీల్లో ఉంటే లెక్క ప్రకారం 32,000 గంటలు వస్తుంది. 55 డిగ్రీల్లో ఉంటే 64,000 గంటలు. రోజంతా ఆన్‌లో ఉండే రౌటర్‌కి మొదటిది మూడున్నరేళ్ళ పైన, రెండోది ఏడేళ్ళ పైన. ఒక్క 10 డిగ్రీల తేడాకి ఆయుష్షు రెట్టింపు. ఫ్యాన్ పెట్టడంలో అసలు లాభం ఇదే.

ఇప్పుడు ఒక నిజమైన కేసు చెప్తాను. విజయవాడలో మా పిన్ని వాళ్ళ అపార్ట్‌మెంట్. మా చెల్లికి ఆన్‌లైన్ ఇంటర్వ్యూలు నడుస్తున్నాయి. మధ్యాహ్నం రెండు దాటితే చాలు, వైఫై పోతోంది. అప్పటికే ఒక ఇంటర్వ్యూ మధ్యలో కట్ అయింది, వాళ్ళు మళ్ళీ పిలవలేదు. తర్వాతి ఇంటర్వ్యూ పది రోజుల్లో ఉంది. సర్వీస్ వాళ్ళు వచ్చి లైన్ బాగానే ఉందన్నారు, కొత్త రౌటర్ కొనమన్నారు. నేను వెళ్ళి టీవీ యూనిట్ షట్టర్ తీస్తే, సెట్‌టాప్ బాక్స్ మీద రౌటర్, రౌటర్ మీద పిన్ని అల్లిన లేస్ గుడ్డ, పక్కన మినీ యూపీఎస్. చెయ్యి పెడితే ఇస్త్రీ చేసిన చొక్కాలా వెచ్చగా తగిలింది.

ఫ్యాన్ కొనే ముందు నేను చేసింది ఒకటే, కొలవడం. కొన్ని వందల రూపాయలకి దొరికే డిజిటల్ థర్మామీటర్ ఒకటి లోపల పెట్టాను. ఇక్కడ ఒక మాట. మీ ఫోన్‌ని లోపల పెట్టి బ్యాటరీ టెంపరేచర్ యాప్‌తో కొలవకండి. అది ఫోన్ సొంత వేడి చూపిస్తుంది, పైగా బ్యాటరీకి ఆ వేడి మంచిది కాదు. షట్టర్ మూసి గంట ఆగాం. గది 34 డిగ్రీలు, లోపల 46. షట్టర్ తీసి ఇంకో గంట ఆగితే 38కి దిగింది. ఈ పరీక్ష మీ ఇంట్లోనూ చేయండి. షట్టర్ తీస్తే బాగా తగ్గిందంటే మీ సమస్య గాలి ఆడకపోవడమే, ఫ్యాన్ పని చేస్తుంది. షట్టర్ తీసినా పెద్దగా తగ్గకపోతే గదే వేడిగా ఉందని అర్థం, లేదా ఆ డబ్బాలోనే ఏదో లోపం ఉంది. అప్పుడు ఫ్యాన్ పెట్టి లాభం లేదు.

ఇంకో స్టెప్ ఉంది, దీనికి రూపాయి ఖర్చు లేదు. పైనున్న గుడ్డలు తీసేయండి. ఒకదాని మీద ఒకటి పేర్చకండి, కింద డబ్బా వేడి పైదానికి ఎక్కుతుంది. రౌటర్‌ని అసలు క్యాబినెట్ బయట, యూనిట్ పైనో గోడకో పెట్టగలిగితే ఇంకా మంచిది. వేడి తగ్గుతుంది, చెక్క, గాజు అడ్డు లేక సిగ్నల్ కూడా మెరుగవుతుంది. మినీ యూపీఎస్‌ని తప్పకుండా బయటికి తెచ్చేయండి. అందులో చాలావరకు లిథియం అయాన్ సెల్స్ ఉంటాయి. సాధారణంగా వాటిని 45 డిగ్రీలు దాటిన చోట ఛార్జ్ చేయకూడదు. మా పిన్ని వాళ్ళ అరలో అది 46 డిగ్రీల్లో రోజంతా ఛార్జింగ్‌లో ఉంది.

పిన్ని వాళ్ళింట్లో ఫైబర్ కేబుల్ ఆ అరలోకే దిగింది కాబట్టి రౌటర్ బయటికి రావడం కుదర్లేదు. అందుకే ఫ్యాన్ దాకా వెళ్ళాం. ఏ ఫ్యాన్ కొనాలో చెప్పే ముందు, ఎంత గాలి కావాలో లెక్క కడదాం. ఫ్యాన్ పెట్టె మీద సీఎఫ్ఎం అని ఉంటుంది, అంటే నిమిషానికి ఎన్ని ఘనపుటడుగుల గాలి లాగుతుందో ఆ సంఖ్య. లెక్క సులువు. లోపలి వాట్లని, గది కన్నా ఎన్ని డిగ్రీలు ఎక్కువైనా ఫర్వాలేదో ఆ సంఖ్యతో భాగించి, వచ్చినదాన్ని 1.75తో గుణించండి. మా పిన్ని అరలో 30 వాట్లు, 5 డిగ్రీల దాకా ఫర్వాలేదు అనుకుంటే 10.5 సీఎఫ్ఎం చాలు. ప్లేస్టేషన్ 200 వాట్లకి 10 డిగ్రీల తేడా అయితే 35, 5 డిగ్రీలే కావాలంటే 70. పెట్టె మీద రాసింది ఏ అడ్డూ లేనప్పటి సంఖ్య. జాలీ, వైర్లు, ఇరుకు దారి అడ్డం వస్తే అందులో సగమే అనుకోండి. కాబట్టి 50 సీఎఫ్ఎం అని రాసి ఉన్న ఒక 120 మిల్లీమీటర్ల ఫ్యాన్ రౌటర్ అరకి బోలెడు. కన్సోల్‌కి అలాంటివి రెండు పెట్టుకోండి.

సైజు విషయంలో నా సలహా: 120 పట్టే చోట 80 కొనకండి. పెద్ద ఫ్యాన్ మెల్లగా తిరిగి కూడా అంతే గాలి లాగుతుంది, చిన్నది అదే గాలి కోసం ఈగలా గుయ్యిమంటుంది. హాల్లో సినిమా చూసేటప్పుడు ఆ తేడా తెలుస్తుంది. కంప్యూటర్ కేస్‌లో వాడే మామూలు ఫ్యాన్ చాలు. ఏసీ ఇన్ఫినిటీ లాంటి కంపెనీలు ప్రత్యేకంగా ఏవీ క్యాబినెట్ల కోసమే ఫ్యాన్లు చేస్తాయి, యూఎస్‌బీవి కూడా ఉన్నాయి. అవి నీట్‌గా ఉంటాయి, కాకపోతే ధర ఎక్కువ.

వోల్టేజ్ దగ్గర జాగ్రత్త. కంప్యూటర్ ఫ్యాన్లు మామూలుగా 12 వోల్టులవి. యూఎస్‌బీలో వచ్చేది 5 వోల్టులు. 12 వోల్టుల ఫ్యాన్‌ని 5 మీద పెడితే నీరసంగా తిరుగుతుంది, కొన్ని అసలు స్టార్టే కావు. రెండు దారులున్నాయి. ఒకటి, 5 వోల్టుల ఫ్యాన్ కొని టీవీ యూఎస్‌బీకి పెట్టడం. టీవీ ఆన్ అయితే ఫ్యాన్ ఆన్. అయితే మామూలు టీవీ పోర్ట్ 0.5 ఆంపియర్ ఇస్తుంది, ఫ్యాన్ మీద రాసింది అంతకన్నా తక్కువ ఉండాలి. రౌటర్‌కి ఈ పద్ధతి పనికిరాదు, అది టీవీ ఆపినా నడుస్తూనే ఉంటుంది కదా. అలాంటప్పుడు ఫ్యాన్‌ని మొబైల్ ఛార్జర్ అడాప్టర్‌కి పెట్టండి. రెండో దారి, 12 వోల్టుల ఫ్యాన్‌కి 12 వోల్టుల డీసీ అడాప్టర్. పాత కంప్యూటర్ నుంచి తీసిన ఫ్యాన్ అయితే వైర్ రంగు చూసి కలిపేయకండి. మూడు పిన్నుల ఫ్యాన్‌లో పసుపు వైర్ సాధారణంగా వేగం చెప్పే సిగ్నల్. నాలుగు పిన్నుల వాటిలో చాలాసార్లు అదే పసుపు 12 వోల్టుల ప్లస్. పిన్నుల క్రమం చూసి కలపండి, లేదా కన్వర్టర్ కేబుల్ కొనండి. బాత్‌రూమ్‌లో పెట్టే 230 వోల్టుల ఎగ్జాస్ట్ ఫ్యాన్ మాత్రం చెక్క అరలో బిగించొద్దు. పిల్లల చెయ్యి అందే చోట, కేబుళ్ళ మధ్యలో మెయిన్స్ కరెంటు మనకి అవసరం లేదు.

ఇక దారి. వేడి గాలి తేలిక, పైకే పోతుంది. అందుకే చల్లగాలి కింద నుంచి రావాలి, ఫ్యాన్ పైన, వెనక వైపు ఉండి బయటికి తోయాలి. ఫ్యాన్ ఫ్రేమ్ మీద చిన్న బాణాలుంటాయి, ఒకటి రెక్కలు తిరిగే దిశ, ఇంకోటి గాలి పోయే దిశ. బాణాలు లేకపోతే టిష్యూ పేపర్ పట్టుకుని చూడండి. 120 ఫ్యాన్ రంధ్రం సుమారు 110 చదరపు సెంటీమీటర్లు. గాలి లోపలికొచ్చే దారి కూడా కనీసం అంతే ఉండాలి, జాలీ పెడితే ఇంకాస్త ఎక్కువ. మీ షట్టర్ 60 సెంటీమీటర్ల వెడల్పు అనుకుంటే, కింద 2 సెంటీమీటర్ల సందు వదిలితే 120 వచ్చేసింది. షట్టర్ చుట్టూ ఉండే సన్నటి గీతలాంటి సందుని నమ్ముకోకండి.

లోపలికి, బయటికి దారులు రెండూ పక్కపక్కనే ఉండకూడదు. ఉంటే వచ్చిన గాలి వచ్చినట్టే పోతుంది, డబ్బాలకి తగలదు. ఈ మూల కింద నుంచి వచ్చి, ఆ మూల పై నుంచి పోవాలి. మధ్యలో అర ఉంటే దానికీ రంధ్రాలు కావాలి. యూనిట్ గోడకి పూర్తిగా అంటుకుని ఉంటే వెనక పెట్టిన ఫ్యాన్ గోడనే కొడుతుంది. ఒకటి రెండు అంగుళాలు ముందుకి జరపండి, జరగదంటే పక్క పలక నుంచి బయటికి తీయండి.

కన్నం అనగానే ఇంట్లో గొడవ మొదలవుతుంది. మా పిన్ని అయితే, "ఏంటి నాన్నా, అంత డబ్బు పోసి చేయించుకున్న యూనిట్‌కి బొక్క పెడతావా?" అంది. "వెనక పలకకే పిన్నీ, ముందు నుంచి నీకు కూడా కనపడదు" అన్నాను. బాబాయి ఆ యూనిట్ చేసిన కార్పెంటర్‌నే పిలిచారు. ఆయన హోల్ కట్టర్‌తో వెనక పలకకి పైన ఒక రంధ్రం, అర కింది పలకలో పొడుగ్గా రెండు సందులు పావుగంటలో కోసేశారు. రంధ్రం అంచున ప్లైవుడ్ పొట్టు లేకుండా గీకించండి, లేకపోతే ఆ పొట్టంతా ఫ్యాన్‌లోకే పోతుంది. ఫ్యాన్‌కీ చెక్కకీ మధ్య రబ్బరు వాషర్లు వేయండి. మీకు రాత్రి వినపడే శబ్దంలో సగం ఫ్యాన్‌ది కాదు, అది అదిరితే మోగే ప్లైవుడ్‌ది.

మన ఇళ్ళకి ఇంకో కష్టం ఉంది, బల్లులు, బొద్దింకలు. వెచ్చటి అరకి కన్నం పెడితే వాటిని భోజనానికి పిలిచినట్టే. కిటికీ దోమల జాలీ ముక్క రెండు దారులకీ స్టేపుల్ చేయండి. నెలకోసారి పాత టూత్‌బ్రష్‌తో దులపండి. దుమ్ము పట్టిన జాలీ అంటే మూసిన కిటికీ.

అద్దె ఇంట్లో ఉన్నవాళ్ళు కన్నాలు పెట్టలేరు. ఫర్వాలేదు. చాలా యూనిట్లకి వెనక పల్చటి పలక స్క్రూలతోనే ఉంటుంది, విప్పి దాచేయండి, ఖాళీ చేసేటప్పుడు బిగించండి. అది కూడా కుదరకపోతే, వైర్ల కోసం పెట్టిన గుండ్రటి కన్నం దగ్గర ఫ్యాన్ నిలబెట్టి, షట్టర్ రెండు వేళ్ళ సందు తెరిచి ఉంచండి. కన్సోల్ ఆడేటప్పుడు మాత్రం షట్టర్ మొత్తం తీసేయండి. ఫ్యాన్ ఉన్నా సరే.

ఫ్యాన్ రోజంతా తిరగడం ఇష్టం లేకపోతే చిన్న థర్మోస్టాట్ బోర్డు దొరుకుతుంది, డబ్ల్యూ 1209 అని 12 వోల్టులది అందరూ వాడతారు. దాన్ని కూలింగ్ మోడ్‌లో పెట్టి, మీ గది వేడి కన్నా ఒక 4, 5 డిగ్రీలు ఎక్కువకి సెట్ చేయండి. వేసవిలో గది 36 ఉంటే మీరు 32 అని పెడితే ఫ్యాన్ జన్మలో ఆగదు. ఎందుకంటే ఏ ఫ్యానూ లోపలి గాలిని గది కన్నా చల్లగా చేయలేదు. గది 37 ఉన్న రోజు కన్సోల్‌కి ఎన్ని ఫ్యాన్లు పెట్టినా 35 లోపు రాదు. ఆ రోజు ఏసీ వేసుకుని ఆడండి, లేదా పొద్దుగూకాక ఆడండి.

పిన్ని వాళ్ళింట్లో ఏమైందో చెప్తాను. రౌటర్, బాక్స్ విడివిడిగా పెట్టి, మినీ యూపీఎస్ బయటికి తెచ్చి, కన్నాలు కోశాక, ఫ్యాన్ ఇంకా పెట్టకముందే 41కి వచ్చింది. చూశారా, సగం పని దారే చేసేసింది. ఫ్యాన్ ఆన్ చేశాక, గది అదే 34, లోపల 37. మెల్లగా తిరుగుతోంది, సోఫాలో కూర్చుంటే వినపడదు. ఆ మధ్యాహ్నం నుంచి వైఫై పోలేదు, కొత్త రౌటర్ కొనలేదు. చెల్లి తర్వాతి ఇంటర్వ్యూ మధ్యాహ్నం మూడింటికి, 50 నిమిషాలు ఎక్కడా ఆగకుండా నడిచింది. ఉద్యోగం వస్తుందో లేదో అది తన చేతిలో ఉంది, నెట్ చేతిలో మాత్రం లేదు.

చివరిగా ఒక హెచ్చరిక. ఫ్యాన్ ఏదో ఒక రోజు ఆగిపోతుంది, అది మీకు చెప్పి ఆగదు. అందుకే థర్మామీటర్ లోపలే వదిలేయండి, వారానికోసారి ఒక చూపు చూడండి. ఇన్వర్టర్ బ్యాటరీని ఇలాంటి అరలో ఎప్పుడూ పెట్టకండి. లెడ్ యాసిడ్ బ్యాటరీ ఛార్జ్ అయ్యేటప్పుడు హైడ్రోజన్ వదులుతుంది, దాని చోటు గాలి బాగా ఆడే చోట, విడిగా. ఎక్కడైనా కాలిన వాసన వచ్చినా, అడాప్టర్ ముట్టుకోలేనంత వేడిగా ఉన్నా, అది ఫ్యాన్‌తో తీరే సమస్య కాదు. మెయిన్ స్విచ్ ఆపేసి ఎలక్ట్రీషియన్‌ని పిలవండి.

ఇవాళ రాత్రే టీవీ చూశాక ఒక్కసారి షట్టర్ తీసి లోపల చెయ్యి పెట్టి చూడండి. వెచ్చగా తగిలితే రేపు థర్మామీటర్, ఎల్లుండి దారి, ఆ తర్వాత కావాలంటేనే ఫ్యాన్. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటానండి, నమస్తే.